పొద్దెక్కితే మాయమయ్యే నీలిపూలు

జర దగ్గరికి జరుగున్రి, ముచ్చట్లాపున్రి. సుక్కమ్మవ్వా, నీ దగ్గును గూడ జర పట్టుకో.

నిజాం జమానల అమ్రాబాద్ తొవ్వల ఒక బోడగడ్డ ఉండె. గత్తర రోగమొచ్చి సచ్చినోళ్లను ఆడనే పాతిపెట్టిన్రు. అక్కడి గాలి ఈలేస్తే బండలు గూడ ముడుసుకునేటియి.

మంచు ఆరకముందు గొర్లను మేతకు తోలరు కద. అందుకే కురుమోళ్ల బీరప్ప గా జాగాను పొద్దుగాల ఎన్నడు సూడలే. ఒకనాడు గొర్రెపిల్ల తప్పిపోతే తెల్లారంగనే ఉరికిండు. నేలంత నీలం. చిన్న చిన్న పూలు, ఆకాశం చిల్లుపడి కారినట్టు. నడుమ ఒక పిల్ల, ఒళ్లె గొర్రెపిల్ల.

"ఎవలు నువ్వు?"

"అండాలును. పక్కూరే. నీ కాళ్లెందుకు వణుకుతున్నయి?"

"సలికి."

"గొర్రెపిల్లకు లేని సలి నీకొక్కనికేనా?"

గొర్రెపిల్లను అందుకుంటుంటె చెయ్యి తాకింది. బాయినీళ్లోలె సల్లగుంది. బీరప్ప పానం మాత్రం ఆడనే ఉండిపోయింది.

"మా అమ్మను తోల్కొస్త."

"తోల్కరా."

పొద్దు నడినెత్తికెక్కినంక తల్లి సైదమ్మను తోల్కొచ్చిండు. పిల్ల లేదు. ఒక్క పువ్వు లేదు. బూడిద రంగు నేల, ఈలేసే గాలి.

సైదమ్మ రెండడుగులు ఎనకకేసింది. "గత్తరల పోయిన పిల్లరా అది. మర్సిపో. గీ వారమే వేరే సంబంధం ఖాయం జేస్త."

"ఒక్కసారి పొద్దుగాల రా అమ్మా. మనిషి కాకుంటె నువ్వు జెప్పినట్టే ఇంట."

తెల్లారి సైదమ్మ గొంగడి సంకల వెట్టుకొచ్చింది. తమాషా సూడ పక్కింటి గుర్వయ్య ఎంటవడ్డడు. మంచుల నీలం మల్ల పరుసుకుంది. భూమిల నుంచి మొలిసినట్టు అండాలు లేసి నిలబడ్డది.

సైదమ్మ గొంగడి పరిసింది. "దయ్యమైతే దీని మీద కూసోదు. కూసో బిడ్డా."

అండాలు బీరప్పను సూసింది, గొంగడిని సూసింది. మెల్లగ కూసున్నది.

"మరి నిన్న పూలేడ పోయినయి?" సైదమ్మ అడిగింది.

అండాలు ఒక కొమ్మ తెంపి సూపెట్టింది. "విష్ణుక్రాంత, అత్తా. మా అవ్వ జ్వరానికి మందు, పొద్దుగాలే తెంపుకపోత. పొద్దెక్కితే పువ్వు ముడుసుకుంటది. ఆకు మీద పట్టులెక్క నూగుంటది, సూడు. గదే గుర్తు. ఎండకు తీగె మాడినా ఏరు సావది, వానకు మల్ల లేస్తది."

"అత్తా అన్నవా?" సైదమ్మ మొఖం ఇప్పారింది. కొడుకును ఒక్క గుంజు గుంజింది. "దిక్కులు సూస్తవేందిరా, పక్కన కూసో. మనోళ్లల ఒక్క గొంగడి మీద కూసుంటె సంబంధం ఖాయమైనట్టే."

గుర్వయ్య నెత్తి గోక్కున్నడు. "పిల్ల మనిషే, ఒప్పుకున్న. గా పూల మీద నాకింక అనుమానమే. వాటిని గూడ జర గొంగడి మీద కూసోబెట్టున్రి."