తడి రంగు మీద మూడు వేళ్లు

బడి కమిటీ కార్యదర్శి మెండెల్ గ్రున్‌ఫెల్డ్ చేసిన పని యెఫ్ వెర్‌బ్రాకెన్ చచ్చేదాకా మరిచిపోడు. ఆంట్‌వెర్ప్‌లోని ఆ యూదు బాలికల బడికి పందొమ్మిదేళ్లుగా కాపలా కాస్తున్నవాణ్ణి, పిల్లలందరి ముందూ "దొంగ" అన్నాడు. బుధవారం హెడ్‌మిస్ట్రెస్ గదిలోంచి చివరి పరీక్ష మార్కుల పుస్తకం పోయింది. ఆ పూట ఆ గది గుమ్మానికి పచ్చరంగు వేసింది యెఫ్. ఇంకేం కావాలి? శుక్రవారం పొద్దుగూకి, యూదుల విశ్రాంతిదినమైన సబ్బాతు దీపాలు వెలిగేలోగా ఉద్యోగమూ, బడి వెనక ఇల్లూ వదిలి పొమ్మన్నారు.

శుక్రవారం మధ్యాహ్నం యెఫ్ ప్రైవేటు డిటెక్టివ్ జెలిగ్ హౌప్ట్‌మన్‌ను వెంటబెట్టుకొచ్చాడు. వెనకే ఆయన సహాయకుడు రూబెన్.

"రంగు వేశాక ఎటు పోయావ్?"

"ఆరుతుందని తలుపు బార్లా తీసి, బాయిలర్ చూడ్డానికి కిందికెళ్లాను సార్. అరగంట."

గుమ్మానికి కుడివైపు, భుజమంత ఎత్తున, రంగులో మూడు వేలిగుర్తులు. మామూలుగా అక్కడ మెజూజా, లేఖనాల చిన్న గొట్టం, ఉంటుంది. రంగు వేస్తారని హెడ్‌మిస్ట్రెస్ తీయించింది.

"దొంగ తూలి పట్టుకున్నాడేమో గురువుగారూ!" అన్నాడు రూబెన్.

"తూలినవాడు అరచెయ్యి ఆనిస్తాడోయ్. అందరూ యెఫ్‌నే చూశారు, గుమ్మాన్ని ఎవరూ చూడలేదు."

మూడింటికి అందర్నీ టీచర్ల గదిలో చేర్చాడు. ఒక్కరూ కూర్చోలేదు. హెడ్‌మిస్ట్రెస్ ఫైగా లాండౌ గడియారం చూస్తోంది. గ్రున్‌ఫెల్డ్ చుబుకానికి రుమాలు అదిమిపెట్టి అటూ ఇటూ తిరుగుతున్నాడు.

"పన్నునొప్పి. సబ్బాతు ముంచుకొస్తోంది. వీడి గోడు ఆదివారం వినొచ్చుగా?"

"ఆదివారానికి ఇతను రోడ్డు మీదుంటాడు," అన్నాడు జెలిగ్. "గుమ్మం దాటితే మనవాళ్ల చెయ్యి దానంతటదే లేస్తుంది. మెజూజాని తాకి, ఆ వేళ్లు ముద్దుపెట్టుకుంటాం. బుధవారం అక్కడ మెజూజా లేదు, తడి రంగుంది. యెఫ్ యూదుడు కాడు, అతనికి ఆ అలవాటు లేదు. దొంగకుంది. వేళ్ల రంగు కిరసనాయిలుతో పోతుంది. పెదవి మీదినుంచి గడ్డంలోకి దిగిన రంగు పోదు, కత్తిరించాలి. గడ్డానికి కత్తెర తగలనివ్వని భక్తుడు ఆ చోటు ఎలా దాస్తాడు? రుమాలు తీయండి, గ్రున్‌ఫెల్డ్ గారూ."

రుమాలు దిగింది. పెదవి కింద గడ్డంలో, వెంట్రుకలు కత్తిరించిన చోట, చిక్కుడుగింజంత ఖాళీ.

"మా అమ్మాయి ఎస్టీ లెక్కల్లో తప్పింది," అన్నాడు గ్రున్‌ఫెల్డ్. "ఆ మార్కులు బయటికొస్తే పై బడిలో దాన్ని చేర్చుకోరు."

పుస్తకం అతని ప్రార్థన శాలువా సంచిలో దొరికింది. రూబెన్ మొహం వెలిగిపోయింది.

"పందొమ్మిదేళ్లు మీ గుమ్మాలు తుడిచాను," అన్నాడు యెఫ్. "ఒక్కసారి నన్ను అడిగి ఉండాల్సింది, అమ్మగారూ."

ఫైగా తల దించుకుంది. "ఉద్యోగం మీదే యెఫ్ గారూ. కానీ ఇల్లు... గ్రున్‌ఫెల్డ్ గారు తొందరపెడితే, నిన్ననే పక్క రొట్టెల దుకాణానికి లీజుకిచ్చేశాం. పాతికేళ్లకి."

జెలిగ్ ఆ లీజు కాగితం అడిగి తీసుకుని రెండుసార్లు చదివాడు. ఎక్కడా లొసుగు లేదు.

అలా యెఫ్‌కి రెండు గదులు పోయాయి. వాటి వెనక అతను బంగాళాదుంపలు వేసుకునే మడి కూడా పోయింది. పదకొండు మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు: నలభైనాలుగు చదరపు మీటర్లు.