వాకిలి ఎవరిది

ఇంకా ఎండ ఎక్కకముందే వైదేహి ఇడ్లీలు దింపి, కూతురు మైత్రికి జడలు వేసి, తన టిఫిన్ డబ్బా సర్దుకుంది. తిరువొత్తియూరులో ఒక రంగుల ఫ్యాక్టరీలో ఆమె ల్యాబ్ ఇన్‌చార్జి. పురసవాక్కం నుంచి అక్కడికి బస్సులో సీటు దొరకడమంటే పెళ్ళిభోజనాల్లో మొదటి బంతిలో చోటు దొరికినట్టే. తణుకు నుంచి చెన్నై వచ్చి నెల దాటేసరికి ఆ విద్య కూడా పట్టుబడింది. కండక్టర్లతో తమిళం మాట్లాడేస్తోంది, వాళ్ళు నవ్వితే తనూ నవ్వుతోంది.

పట్టుబడనిది ఇంట్లో అత్తగారొక్కరే.

కిటికీ దగ్గర కూర్చుని ఎదురింటి ముగ్గుకు వంకలు పెడుతూ కాఫీ తాగుతున్న జానకీదేవి, గ్లాసు కింద పెట్టింది. "అమ్మాయ్, ఆదివారం నేను తణుకు వెళ్ళిపోతున్నాను. మైత్రిని కూడా తీసుకెళ్తాను. పాత బళ్ళోనే మళ్ళీ వేస్తే సరి."

వైదేహి చేతిలోంచి డబ్బా మూత జారింది. ఆమె భర్త విక్రమ్ లాప్‌టాప్ మీంచి తల ఎత్తలేదు. ఎత్తితే ఎవరివైపు మాట్లాడాలో తేల్చుకోవాలి మరి.

"ఎందుకత్తయ్యా, ఏమైంది?"

"ఏం కావాలి? మనం వచ్చాక ఈ వీధిలో ఒక్కళ్ళు మన గడప తొక్కారా? నిన్న ఎదురింటావిణ్ణి చూసి నవ్వితే తల దించుకుని లోపలికి పోయింది. పిల్లతో ఆడుకోడానికి ఒక్క పిల్ల రాదు. రేపు నాకేమైనా అయితే అడిగే దిక్కుందా? మనుషుల పొత్తులేని ఊళ్ళో నా మనవరాలు పెరగక్కర్లేదు."

"కొత్త ఊరు కదండీ, మెల్లగా అలవాటవుతుంది."

"నీకయింది. నీ ఉద్యోగం, నీ ఊరు, నీ ఇల్లు. నేను చుట్టపుచూపుగా వచ్చినదాన్నేగా."

ఆ మాట వైదేహికి సూటిగా తగిలింది. అయినా గొంతు పెంచలేదు.

"మైత్రిని పంపను అత్తయ్యా. ఉద్యోగమూ మానను. ఆ రెండూ నావే. మీరు కూడా నావాళ్ళే అనుకున్నాను."

ఆ మాట పూర్తవుతుండగానే గుమ్మం దగ్గర ఎవరో దగ్గారు. పైవాటాలో ఉండే ఇంటి ఓనరు కుముదిని. ముత్తాతల నాటి నుంచీ మద్రాసులోనే ఉన్న తెలుగువాళ్ళు. కోయంబత్తూరులో కూతురి పురిటికి వెళ్ళి నిన్ననే తిరిగొచ్చింది. వట్టి చేతులతో గడప అవతలే నిలబడి, నెమ్మదిగా అడిగింది.

"ఎవురమ్మా పోయింది?"

వైదేహి తెల్లబోయింది. "ఎవరూ పోలేదండీ. అందరం బాగానే ఉన్నాం."

"మరి మీరు వచ్చినకాణ్ణించి వాకిట్లో ముగ్గే లేదంట గదా? మైల ఇల్లు పావం, మనం పోయి ఇబ్బంది పెట్టకూడదని ఈడ అందరూ దూరంగా ఉండారు. ఎదురింటి రాజశ్రీ అయితే, ఆ పెద్దామె నవ్వితే నవ్వాలా వద్దా తెలీక లోపలికి వచ్చేసినానని చెప్పె."

విక్రమ్ ఇప్పుడు తల ఎత్తాడు. "అదేంటమ్మా, తణుకులో రోజూ పొద్దున్నే నువ్వేగా ముగ్గేసేదానివి?"

"అది నా వాకిలి. ఇది కోడలి వాకిలి. తను వెయ్యమని ఒక్క మాట అనకుండా నేనెలా చెయ్యి పెడతాను?" అంది జానకీదేవి. అని, తనే కాస్త తడబడింది.

"తణుకులో ఒక్కరోజైనా నన్ను ముగ్గుగిన్నె ముట్టుకోనిచ్చారా అత్తయ్యా? చుక్క వంకరపోతుందనేవారు. ఇక్కడా అది మీ పనే అనుకున్నాను. మీరు వెయ్యకపోతే, ఈ ఇల్లు మీకు నచ్చలేదేమో, అడిగితే వెళ్ళిపోతారేమోనని..." వైదేహి కళ్ళు తుడుచుకుంది.

అత్తాకోడళ్ళు ఒకరికొకరు ఇచ్చుకున్న మర్యాదకి వీధి వీధంతా ఈ ఇంటికి మైల అంటగట్టిందన్నమాట. కుముదిని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది గానీ నవ్వు ఆగలేదు. జానకీదేవికి నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి. అడగనందుకు అలిగిందే తప్ప, అడగడానికి ఈ పిల్ల ఎంత భయపడిందో ఆమెకు తోచనేలేదు.

"ముగ్గుపిండి ఎక్కడ పెట్టావే?"

"మీ మంచం కిందే. తణుకు నుంచి తెచ్చిన సంచీ విప్పనేలేదు."

ఫ్యాక్టరీకి వెళ్ళే బస్సు ఎలాగూ తప్పింది. ఇంకోటి వస్తుందిలే అనుకుని వైదేహి వాకిలి ఊడ్చి నీళ్ళు చల్లింది. జానకీదేవి ముగ్గుగిన్నె ఆమె చేతికిచ్చింది.

"చుక్కలు నువ్వు పెట్టు."

ఒక చుక్క నిజంగానే వంకరపోయింది. జానకీదేవి దాన్ని చెరపకుండా గీతని చుట్టూ తిప్పుకొచ్చి కలిపేసింది.

ఎదురింట్లోంచి చూస్తున్న రాజశ్రీ, తన పాప చెయ్యి పట్టుకుని మూర మల్లెపూలతో వచ్చి ముగ్గు అవతల ఆగింది. మైత్రి అప్పటికే గుమ్మంలోకి పరిగెత్తుకొచ్చింది.

"లోపలికి రామ్మా, ఇది మా ఇల్లే," అంది జానకీదేవి.

రాజశ్రీకి తెలుగు రాదు. అయినా చెప్పులు విడిచి, ముగ్గు తొక్కకుండా పక్కనుంచి లోపలికి వచ్చింది.