పుస్తకానికి తాళం

"యాడికి పోయినావే చందనా? ఇడ్లీలు చల్లారిపోతా ఉండాయి!"

మునిలక్ష్మి గుమ్మంలోంచి కేకేసింది. కూతురు పక్కింట్లో రంజిత చేత జడ వేయించుకుంటోంది. రంజిత ఆమెకు తోడికోడలు, తిరుత్తణి సర్కారు బడిలో టీచరు. కన్నతల్లి ఇక్కడుంటే జడ అక్కడా! మునిలక్ష్మికి ఒళ్లు మండిపోయింది.

కొన్నాళ్లుగా ఇదే వరస. బడి లైబ్రరీలోని పుస్తకమొకటి పట్టుకుని ఇద్దరూ తలలు కలిపి కూర్చుంటారు. ఊరి బయటి దళితుల కాలనీలో పుట్టిన ఒకామె తన చిన్నతనం గురించి తమిళంలో రాసుకున్నదట. బడిలో ఆమెను కుండ ముట్టనివ్వక, నీళ్లు ఎత్తి పోసేవాళ్లట.

పోయిన వారం, కమిటీలో ఉన్న మునెయ్య మామ వచ్చి, "కాలనీ కథలు మన బిడ్డలకెందుకమ్మా? పేరెంట్స్ కమిటీకి తలైవి, పెద్దదిక్కు నువ్వే కదా, తీసెయ్యమను" అన్నాడు. మునిలక్ష్మి సంతోషంగా తలూపింది. మీటింగులో ఆమె మాటతో పుస్తకం బీరువాలోకి పోయి తాళం పడింది. ఆమెకు పుస్తకంతో పనిలేదు, రంజిత పక్కనుంచి పిల్ల లేచొస్తే చాలు.

చందన వచ్చి పళ్లెం పక్కకు నెట్టింది. "ధాత్రి బడికి రావడంల్యా."

"యే ధాత్రి?"

"కాలనీ ధాత్రి. నా పక్కన కూర్చునేది. 'ఇది మా అవ్వ కథ మాదిరే ఉండాది' అని ఆ పుస్తకం క్లాసులో గట్టిగా చదివినాది. వాళ్ల కథ బడిలో ఉండకూడదని చెప్పిందెవరు? మాయమ్మ! నేనెట్ల చూసేది దాని మొగం?"

"ఆ పిల్లను నేనేమన్నా అన్నానా? అంతా మీ చిన్నమ్మ..."

"చిన్నమ్మ మింద కడుపుమంటతోనే చేసినావు కదా!"

ఆ మాట నిజమేనని మునిలక్ష్మికి తెలుసు. తనకు లేని చదువు బిడ్డను లాగేసుకుంటోందని కుళ్లుకుంది. ఆ కుళ్లు పోయి పోయి ఇంకో తల్లి బిడ్డకు తగిలింది. పొయ్యివైపు తిరిగి కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

ఆ మధ్యాహ్నమే కమిటీని బడికి పిలిపించింది.

"హెడ్‌మాస్టర్ సార్, ఆ పుస్తకం నేను చదవలా. నా తోడికోడలి మింద అసూయతో తీసెయ్యమన్నాను. తప్పు నాది. తాళం తియ్యండి."

మునెయ్య లేచాడు. "కాలనీ కథమ్మా అది!"

"ఉండనీ మామా. వాళ్ల బిడ్డలు ఈ బడి బిడ్డలు కాదా?"

వెనక కూర్చున్న ధాత్రి తల్లి అందరికంటే ముందు చెయ్యెత్తింది. తరవాత ఒక్కొక్కరే తక్కిన తల్లులూ ఎత్తారు. హెడ్‌మాస్టర్ తాళంచెవి తీశాడు.

గుమ్మంలో నిలబడి చూస్తున్న చందన ఒక్క పరుగున లోపలికొచ్చి, టీచర్ల పక్కనున్న రంజితను కరుచుకుంది.

మునిలక్ష్మిలో పాత అసూయ మళ్లీ తలెత్తింది. ఇంత చేసినా ముందు చిన్నమ్మే! ఆ మంటను మింగుకుని దగ్గరికెళ్లింది.

"రంజితా, ధాత్రిని నేనే పోయి పిల్చుకొస్తా. నాకు అచ్చరాలు రావు. సాయంత్రం వీళ్లకు చదివేటప్పుడు నన్నూ కూర్చోనిస్తావా?"

రంజిత కళ్లు నిండాయి. "రా అక్కా" అని చందన చేతిని తీసి మునిలక్ష్మి చేతిలో పెట్టింది.