ప్రతి శుక్రవారం మారిపోయే వెర్షన్

మూడేళ్ల కిందట ఆఫీసులో చేరిన రోజే ఆమె అతని కొంప ముంచింది. ట్రయల్స్ కోసం అందరూ వాడే కంప్యూటర్లో, ప్రోగ్రాములు నడిపే రన్‌టైమ్ కొత్త వెర్షన్ ఇన్‌స్టాల్ చేసి, దాన్నే మెయిన్ చేసేసింది. ఆఫీసు లైబ్రరీ కోసం అతను పాత వెర్షన్‌లో రాసిన ప్రోగ్రాం అక్కడికక్కడే చతికిలబడింది.

“ఎవరండీ ఇది మార్చింది?”

“నేనే. కొత్తది మంచిదేగా?”

“మరి నా పాతదాని గతేం కాను?”

“నాకేం తెలుసు? చేరి గంట కూడా కాలేదు. అలా అరవాలా?”

ఆమె కళ్లలో నీళ్లు చూసి అతను చల్లబడ్డాడు. కుర్చీ లాక్కుని చూపించాడు. రెండు వెర్షన్లూ ఒకే మెషిన్లో ఉండొచ్చు, ఒక్క కమాండు కొడితే ఏది కావాలంటే దానికి మారొచ్చు.

ఆ తర్వాత ప్రతి శుక్రవారం సాయంత్రం ఫోను. “ఏవండీ, మళ్లీ కొత్త వెర్షన్‌కి మారిపోయింది. కాస్త వస్తారా?”

పని ఒక్క నిమిషం, కబుర్లు గంట. బయట వాన పడుతుంటే గంటన్నర. ఎంత హాయి రోజులవి!

ఇప్పుడా ప్రోగ్రాంకి నూకలు చెల్లాయి. పాత వెర్షన్ తీసేయడానికి అతను అదే కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. సోమవారం నుంచి ఆమె వేరే ఊరి బ్రాంచికి వెళ్లిపోతోంది. చెప్పాలనుకున్న మాట ఇంకా గొంతు దాటలేదు.

కొట్టిన కమాండ్లన్నీ ఆ మెషిన్ తేదీలతో సహా దాచుకుంటుంది. పనిలో పనిగా వాటిని తిరగేశాడు. ప్రతి శుక్రవారం, సరిగ్గా నాలుగింటికి, ఆమె లాగిన్ నుంచే కొత్త వెర్షన్‌కి మార్చిన కమాండు ఉంది.

అతను కుర్చీలోంచి లేచాడు. ఒక్క పరుగున వెళ్లేసరికి ఆమె డ్రాయరు ఖాళీ చేసుకుంటోంది.

“అయితే అది దానంతటదే మారేది కాదన్నమాట!”

ఆమె ముఖం ఎర్రబడింది. “ఇప్పుడా చూసేది మహానుభావా?”

“నేను మాత్రం తక్కువ తిన్నానా? ఫోల్డర్లో ఒక్క లైను రాసిపెడితే ప్రోగ్రాం తన వెర్షన్ తనే వెతుక్కునేది. తెలిసీ రాయలేదు.”

“ఎందుకట?”

“రాస్తే మీరు పిలవరుగా.”

ఆమె నవ్వింది, నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. “దొంగ! ఇప్పటికైనా నోరు తెరిచి అడుగుతారా?”

“పెళ్లి చేసుకుందామా?”

“అడగాల్సింది మా నాన్నని.” నంబరు నొక్కి ఫోను అతని చేతిలో పెట్టింది.

“నమస్కారమండీ. నేను మీ అమ్మాయి ఆఫీసులో...”

“వెర్షన్లు మార్చే అబ్బాయివేనా? ఇన్నాళ్లకి మాట పెగిలిందా నాయనా! సోమవారం దాని ప్రయాణం. ఆదివారమే మీ పెద్దవాళ్లని తీసుకుని ఇంటికొచ్చేయ్.”