మెట్ల మలుపులో ఫిర్యాదు

ఆ ఇంటికి వాచ్‌మన్ నిలవడు.

పదకొండేళ్లలో తొమ్మిది మంది మారారు. అందరికంటే ఎక్కువ కాలం ఉన్నవాడు ఇరవై మూడు రోజులు ఉన్నాడు. తొమ్మిది మంది కాపలా అంతా కలిపినా నూట నాలుగు రోజులే. మిగతా మూడు వేల తొమ్మిది వందల రోజులూ ఆ ఇంటికి తాళమే దిక్కు.

అక్కడ ఎవరినీ ఏదీ కొట్టలేదు. ఎవరి గొంతూ నులమలేదు. ఒక్క చెంచా కూడా పోలేదు. చీకటి పడి వీధి దీపాలు వెలిగే వేళకి, లోపల చెక్కమెట్లు మలుపు తిరిగే చోటు నుంచి ఒక ఆడగొంతు వినబడుతుందట. ఒకటే మాట—

"వచ్చారా?"

కోపం లేదు, ఏడుపు లేదు. ఎవరి కోసమో కూర్చున్న మనిషి, తలుపు చప్పుడవగానే అడిగినట్టు.

"తిట్టినా బాగుండేదండీ," అన్నాడట తొమ్మిదోవాడు తాళంచెవి తిరిగిచ్చేస్తూ. "అంత ఆశగా అడుగుతుంటే ఎలా ఉండమంటారు?"

అలాంటి ఇల్లు అద్దెకెవరు తీసుకుంటారు? సినిమా వాళ్లు తీసుకున్నారు.

సినిమా కథ ఇలా ఉంటుంది. ఒక ఇంట్లో మెట్లెక్కిన మనుషులు మాయమవుతుంటారు. మెట్ల పైన ఇంకో లోకం ఉంటుంది. హీరో అందులోకి వెళ్లి అందరినీ వెనక్కి తెస్తాడు. అయితే హీరో రావాలంటే ముందు ఒక డిటెక్టివ్ వచ్చి, అన్నీ చూసి, ఏమీ కనిపెట్టలేక వెళ్లిపోవాలి. ఆయన తప్పయితేనే హీరో ఒప్పవుతాడు.

ఆ డిటెక్టివ్ వేషం బాబాయ్‌ది.

యూనిట్‌లో చిన్నా పెద్దా అందరికీ ఆయన బాబాయే. పందొమ్మిదేళ్లలో అరవై రెండు సినిమాలు చేశాడు. అందులో నలభై ఒకటి పోలీసు వేషాలే— అంటే మూడింట రెండొంతులు. దొంగ పారిపోయాక జీపు దిగే పోలీసు. హీరోకి సెల్యూట్ కొట్టే పోలీసు. ఇన్నేళ్లకి మొదటిసారి ఫ్రేములో ఆయన ఒక్కడే ఉండే సీను దొరికింది. ఇంట్లో భార్యకి పదిసార్లు చేసి చూపించాడు. మెట్ల కింద నిలబడి, పైకి ఒకసారి చూసి, నోట్‌బుక్కు మూసి చెప్పాలి—

"ఇక్కడేమీ లేదు. ఫైలు మూసేయండి."

నాలుగే మాటలు.

ఆ నాలుగు మాటలూ ఆ సాయంత్రం ఆరు టేకుల్లో ఒక్కసారి కూడా సరిగ్గా రాలేదు.

"ఇక్కడేమీ లేదు" వరకూ బాగానే వచ్చేది. ఆ తర్వాత చిన్న విరామం ఇవ్వాలి. సరిగ్గా ఆ విరామంలో… పైనుంచి…

"వచ్చారా?"

బాబాయ్ తల చటుక్కున పైకి లేచేది. రెండో వాక్యం బయటికొచ్చేది కాదు. ఆరుసార్లూ అంతే.

"పైన ఎవరైనా ఉన్నారా?" అని సౌండ్ చూసే అతన్ని అడిగాడు. అతను చెవులకి పెట్టుకున్న హెడ్‌ఫోన్స్ కాస్త జరిపి, "నాకు మీ ఊపిరి కూడా వినబడుతోంది బాబాయ్. ఇంకేం వినబడలేదు," అన్నాడు.

ఇంతలో జనరేటర్ ఆగింది. డీజిల్ తెచ్చి మళ్లీ లైట్లు వెలిగించడానికి నలభై నిమిషాలు పడుతుందన్నారు. టైము ఏడూ నలభై. యూనిట్ మొత్తం టీ కోసం వీధి చివరికి బయల్దేరింది.

దర్శకుడు గుమ్మం దగ్గర ఆగి బాబాయ్ భుజం మీద చెయ్యి వేశాడు. "ఇంకొక్క టేకు బాబాయ్. అదీ పోతే ఆ డైలాగు కానిస్టేబుల్ వేషం వేసినతనికి ఇచ్చేస్తాను. ఏమనుకోకు."

"ఏమనుకుంటాను సార్… వచ్చేస్తుంది. మీరు టీ తాగి రండి. నేను ఇక్కడే చెప్పుకుంటుంటాను."

అందరూ వెళ్లిపోయారు. బాబాయ్ వేషంలోనే ఉండిపోయాడు— గోధుమరంగు కోటు, జేబులో పెన్ను, చేతిలో నోట్‌బుక్కు. కిటికీ అద్దంలోంచి వీధి దీపం వెలుతురు కింది మూడు మెట్ల దాకా వచ్చి ఆగిపోయింది. ఆ పైన చీకటి.

గొంతు సవరించుకున్నాడు.

"ఇక్కడేమీ లేదు—"

"వచ్చారా?"

ఈసారి బాబాయ్ కదల్లేదు. 

చీకట్లో మెట్టు కిర్రుమంది. తర్వాత ఇంకోటి. మలుపు దగ్గర ఆ చప్పుడు ఆగింది. ఆ చీకట్లోనూ మెట్ల రెయిలింగ్ మీద నాలుగు వేళ్లు మాత్రం కనబడ్డాయి… సన్నటి వేళ్లు. కొసలకి నల్లటి సిరా మరక.

"మళ్లీ అదే మాట అంటున్నారేంటండీ?" అంది గొంతు. నిష్ఠూరంగా ఉంది.

"మళ్లీ అంటే?" అన్నాడు బాబాయ్.

"ఆ రోజు కూడా ఒక ఆఫీసరుగారు ఇక్కడే నిలబడి అలాగే అన్నారు. ఏమీ లేదు, మూసేయండని. నేను పైనుంచి వింటూనే ఉన్నాను. అరుద్దామంటే… అప్పటికే నాకు అరవడం రావట్లేదు."

బాబాయ్ తలుపు వైపు చూశాడు. ఎనిమిది అడుగుల దూరం. పరిగెడితే రెండు క్షణాలు.

కానీ ఆ వేళ్లు రెయిలింగ్‌ని గట్టిగా పట్టుకున్నాయి. ఆయన ఎక్కడ వెళ్లిపోతాడోనని.

"అమ్మా… నీ దగ్గర దాచడమెందుకు. నేను నిజం పోలీసుని కాదు. యాక్టర్ని. ఈ కోటు కూడా అద్దె కోటు."

"తెలుసండీ," అంది ఆమె. "నిజం పోలీసు వచ్చి వెళ్లాడుగా."

ఆ మాటకి బాబాయ్ నోట్‌బుక్కు తెరిచాడు. జేబులోంచి పెన్ను తీశాడు. పోలీసు వేషాల్లో ఎన్నోసార్లు అడిగిన ప్రశ్నే అడిగాడు.

"ఎవరు కనబడడం లేదమ్మా?"

"నేనేనండీ."

 అదీ రాశాడు.

"పేరు?"

చెప్పింది. రాసుకున్నాడు.

"ఏం చేస్తావు?"

"టైపిస్టుని. పైగది అద్దెకి తీసుకున్నాను. ఆఫీసు వాళ్లు నేను సెలవులో ఉన్నాననుకున్నారు. మా అన్నయ్య ఆఫీసులో ఉన్నాననుకున్నాడు. నాలుగు రోజుల దాకా ఎవరూ వెతకలేదు. అయిదో రోజు ఆ ఆఫీసరుగారు వచ్చారు… పైకి రాలేదు."

"మనిషిని చివరిసారి ఎక్కడ చూశావు?" అలవాటు కొద్దీ వచ్చేసింది ఆ ప్రశ్న.



"అద్దంలో."

బాబాయ్ రాస్తూనే ఉన్నాడు. ఎవరు వచ్చారు, ఏం జరిగింది, పైగదిలో బీరువా వెనక గోడకి అప్పుడు కొత్తగా సున్నం ఎందుకు వేశారు… అడిగినవన్నీ చెప్పింది. అడగనివి కూడా చెప్పింది. రెండు పేజీలు నిండాయి. సినిమాల్లో ఆయన ప్రశ్న అడగగానే కెమెరా హీరో వైపు తిరిగిపోయేది. జవాబు వినాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు.

"రాశాను తల్లీ," అన్నాడు చివరికి.

"అంతా రాశారా?"

"అంతా."

"చదవండి."

చదివాడు. మొదటి అక్షరం నుంచి చివరి దాకా. చదవడం అయిపోయేసరికి రెయిలింగ్ మీద వేళ్లు లేవు. ఏ మెట్టూ కిర్రుమనలేదు.

ఒక్కసారిగా లైట్లన్నీ భగ్గున వెలిగాయి. యూనిట్ వచ్చేసింది.

"రెడీనా బాబాయ్?" దర్శకుడు కేకేశాడు. "ఏడో టేకు!"

కెమెరా తిరుగుతోంది. బాబాయ్ పైకి చూశాడు. ఖాళీ మెట్లు. ఎవరూ అడగడం లేదు. ఇప్పుడు చెప్పేస్తే సరిపోతుంది… పందొమ్మిదేళ్లుగా కోరుకున్నది నాలుగు మాటల దూరంలో ఉంది.

"ఇక్కడ…" అన్నాడు. నోట్‌బుక్కు మూయబోయి ఆగాడు. "ఇక్కడ ఒక మనిషి ఉంది. రాసుకున్నాను."

"కట్!"

ఎవరూ నవ్వలేదు. దర్శకుడు తిట్టలేదు కూడా. కానిస్టేబుల్ వేషం వేసినతన్ని పిలిచి, బాబాయ్ కోటు విప్పించి అతనికి తొడిగించాడు. అతను ఒక్క టేకులో చెప్పేశాడు.

మర్నాడు బాబాయ్ మామూలు చొక్కా వేసుకుని ఆ రెండు పేజీలూ పట్టుకుని నిజం పోలీసు స్టేషనుకి వెళ్లాడు. అక్కడందరూ గుర్తుపట్టారు. కుర్చీ వేశారు. సెల్ఫీ తీసుకున్నారు. కాగితం మాత్రం తీసుకోలేదు.

"కథ బాగుంది సార్, సినిమా తీస్తున్నారా?" అన్నాడు ఒకాయన.

బాబాయ్ పేజీలు మడిచి జేబులో పెట్టుకుని ఇంటికొచ్చేశాడు.

పదోసారి కుదిరిన వాచ్‌మన్ ఆ ఇంట్లో ఇప్పటికి పదకొండు నెలలుగా ఉన్నాడు. దోమలు తప్ప ఇంకే బాధా లేదంటాడు.

సినిమా విడుదలయ్యాక భార్యాభర్తలిద్దరూ సాయంత్రం ఆటకి వెళ్లారు. బాబాయ్ తెర మీద తొమ్మిది సెకన్లు కనబడ్డాడు. అందులో ఆరు సెకన్లు వీపే.

ఇంటికొస్తూ మెట్లెక్కుతుంటే భార్య ఊరుకోలేదు. వాళ్లది రెండో అంతస్తు.

"పదిసార్లు చేసి చూపించారు కదండీ ఆ డైలాగు. వాడెవడో కానిస్టేబుల్ చెప్పేశాడే!"

"వాడికి బాగా సూటయింది."

"సూటయింది కోటు. డైలాగు మీరే బాగా చెప్పేవారు," అంది ఆమె, తాళం తీస్తూ. "మీరెందుకు చెప్పలేదో నాకైనా చెప్పొచ్చుగా?"

"చెబుతాలే. ముందు కాసిని మంచినీళ్లివ్వు."

ఆయన నీళ్లు తాగుతుండగా కాలింగ్‌బెల్ మోగింది. ఆమె వెళ్లి తలుపుకున్న కంతలోంచి చూసింది. చూసి, చప్పుడు కాకుండా వెనక్కి వచ్చింది. 

"ఏవండీ… మీకోసం ఎవరో వచ్చారు."

"ఎవరు?"

"తెలీదు. ఫిర్యాదు రాసుకునే ఆఫీసరుగారు ఉన్నారా అని అడుగుతున్నారు."

"ఒక్కరేనా?"

"కాదు…" ఆమె గొంతు గుసగుసలోకి దిగిపోయింది. "మెట్టుకొకరు. కింది దాకా వరస కట్టి నిలబడ్డారు. కింది మలుపు అవతల ఇంకెంతమంది ఉన్నారో కనబడ్డం లేదు."

"మెట్ల లైటు వేసి చూశావా?"

"వేశాను. ఇప్పుడూ వెలుగుతూనే ఉంది." ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది. "లైటు వేస్తే ఎవరూ లేరు. ఆర్పితే ఉన్నారు."

బాబాయ్ గ్లాసు కింద పెట్టాడు.

తర్వాత లేచాడు. టేబుల్ సొరుగులోంచి తెల్లకాగితాల కట్ట తీశాడు. తలుపు దగ్గరికి వెళ్లి… మెట్ల లైటు ఆర్పాడు. గడియ తీశాడు.

"తోసుకోకండి," అన్నాడు మెల్లగా. "ఒకరి తర్వాత ఒకరు రండి."