మూడో గేటు ముందు ఖాళీ

ఆఫ్రికాలో జాంబెజి నది ఒడ్డున అక్టోబరు ఎండంటే ఏమనుకున్నారు? బండమీద గుడ్డు పెడితే ఉడకడం కాదు, పిల్లయి నీడ వెతుక్కుంటూ పరిగెత్తేది! అలాంటి మిట్టమధ్యాహ్నం, ఆనకట్ట ఆఫీసులో లుయాండో కంప్యూటరు ముందు కూర్చుని నీళ్ళకి లెక్క కడుతోంది. ఏ గేటు ఎంత ఎత్తితే మూడో గేటు దగ్గర నీళ్ళు కదలకుండా ఉంటాయో తేల్చాలి. అక్కడ మరమ్మతుకి నీళ్ళ అడుక్కి దిగేది ఆమె సొంత తమ్ముడు మ్వీంబా.

వారంగా లెక్క తెగలేదు. నది అడుగు కొలిచి గీసిన పటంలో, మూడో గేటుకి ఎదురుగా, మనిషెత్తు దిబ్బ ఒకటి. దాని దగ్గరికి రాగానే లెక్క చెదిరిపోయేది. ఈ పనిలో అందరూ చేసేదే ఆమె కూడా చేసింది. పొద్దున ఆ దిబ్బని చెరిపి, పటం నున్నగా చేసింది. లెక్క వెన్నలా తేలింది.

నీళ్ళలో దిగడానికి తొడుక్కున్న ముసుగులోని ఫోనులోంచి తమ్ముడి గొంతు. "అక్కా, నాయనమ్మ జొన్నపిండి ఇచ్చింది. దిగేముందు నీళ్ళలో చల్లాలట. ఏటికే పెడితే మనకి తినడానికి న్షిమా ముద్ద ఎలాగే?"

"నోరు మూసుకుని చల్లరా."

"నీ లెక్కుండగా పిండెందుకే!"

పిండి జేబులోనే ఉంచుకుని దిగాడు.

తెరమీద నీలిగీతలు నీటిదారి చూపిస్తున్నాయి. సాఫీగా వస్తూ వస్తూ... ఒకచోట విడిపోయాయి. చుట్టూ తిరిగి కలిశాయి. అక్కడేమీ లేదు. తనే చెరిపింది. నడుమ మిగిలిన ఖాళీకి... తలుంది. భుజాలున్నాయి.

మళ్ళీ లెక్క వేసింది. ఖాళీ పదడుగులు ముందుకొచ్చింది. మళ్ళీ వేసింది. గేటుని ఆనుకుని ఉంది.

"పైకి రారా!"

"ఎందుకూ? నీ లెక్క బంగారం. నీళ్ళు చుక్క కదలట్లేదు..." ఊపిరి. "అక్కా... నా ముందెవరో నిలబడ్డారు."

పాత పటం తెరిచింది, దిబ్బని తిరిగి పెడదామని. అందులోనూ దిబ్బ లేదు.

గుసగుసగా వినిపించింది. "చెయ్యి పట్టుకున్నారు..."

గట్టుమీదివాళ్ళు పది ఎడ్ల బలంతో అతని నడుముకి కట్టిన తాడు లాగారు. దూదిపింజలా వచ్చింది. చివర ముడి నింపాదిగా విప్పి ఉంది.

 లుయాండో ముట్టుకోకుండానే కంప్యూటరు లెక్క మొదలుపెట్టింది. ఇప్పుడు ఖాళీలు రెండు. ఒకటి అచ్చం తమ్ముడి ఎత్తు. రెండూ చేతులు చాచి ఉన్నాయి... మధ్యలో ఇంకొకరు పట్టేంత చోటు వదిలి.

కళ్ళు దించుకుంది.

బల్లమీద, తడివేళ్ళతో చల్లినట్టు, గుప్పెడు జొన్నపిండి.