మూలుగుల మలుపు

మూలుగుల మలుపు అంటారమ్మా దాన్ని. చీకటి పడిందంటే ఎంత తెగువున్నోడైనా బెల్లు కొట్టుకుంటా, గట్టిగా పాడుకుంటా సైకిలు తొక్కేస్తాడు తప్ప… అక్కడ ఆగడు.

లావణ్యా, నేనమ్మా, అచ్చాయమ్మత్తని. ఫోన్లో ఇది నొక్కిపట్టి మాట్లాడితే నీకొస్తాదని పక్కింటి పిల్ల చూపించింది. మీ అమ్మకి వినపడకూడదని పెరట్లోకొచ్చేను. గొంతు చిన్నగా వస్తే ఏమనుకోకు.

నాన్న పెద్దకార్యం అయ్యేక వెళ్తా వెళ్తా అడిగేవు కదా — నాన్న సైకిలు బాగుచేయించి ఉంచత్తా, మా ఫ్రెండ్స్‌తో వచ్చి తిరుగుతాం, జనం, లారీలు లేని రోడ్డు చెప్పు అని. ఉందమ్మా. మన ఊరి నుంచి నరసాపురం దాకా గట్టు రోడ్డు. ఎత్తు లేదు, పల్లం లేదు. ఇటు వరిచేలు, అటు చేపల చెరువులు. పొద్దున పూట కొంగలు తప్ప ఎవరూ ఎదురు రారు.

కానీ ఆ రోడ్డు మీదే, మురుగుకాలవ దగ్గర ఈ మూలుగుల మలుపులో మీ నాన్నకి జరిగింది ముందు నీకు చెప్పాలి. వాడు బతికుండగా చెప్పనివ్వలేదు.

నువ్వు పుట్టకముందు సంగతి. మీ అమ్మ కువైట్ వెళ్ళింది, ఇళ్ళల్లో పనికి. మనింట్లో ఎవరికీ చదువు లేదు, ఉత్తరాలెవరు చదువుతారు? క్యాసెట్టులో మాట్లాడి, సెలవుకొచ్చేవాళ్ళ చేత పంపేది. "వదినా, నా కోడిపెట్ట గుడ్లు పెడతందా?" అని అందులోంచి అడిగితే… నేను ఆ టేప్‌రికార్డరుకే జవాబు చెప్పేసేదాన్ని. "పెడతందే, ఎర్ర పెట్ట కూడా పొదిగింది" అని. మీ నాన్న పడీ పడీ నవ్వేవాడు.

ఉన్నట్టుండి క్యాసెట్లు ఆగిపోయేయి.

మీ నాన్నకి లేసు పని కదా. ఊళ్ళల్లో ఆడవాళ్ళు అల్లిన లేసు మూటకట్టి, సైకిలు మీద నరసాపురంలో ఇచ్చి, దారం తెచ్చేవాడు. వాడెళ్ళిన ప్రతి అరుగు మీదా ఆడవాళ్ళు గుసగుసలాడుకుంటున్నట్టే ఉండేదంట. వాడు సైకిలు దిగేసరికి నోళ్ళు మూసేవారంట.

"అక్కా, నా దగ్గరేదో దాస్తన్నారే" అనేవాడు. "చిట్టెమ్మకి ఏదో అయింది. ఊరందరికీ తెలుసు. నీకూ తెలుసు."

"నాకేం తెలుసురా, నీ మొహం" అనేదాన్ని. నమ్మేవాడు కాదు. అన్నం పెడితే నా మొహం వంకే చూస్తా తినేవాడు.

అంతలో మన ఊరి అమ్మణ్ణి దిగింది కువైట్ నుంచి, అదీ అక్కడ పనికే వెళ్ళింది. సబ్బులు, పాలపొడి డబ్బా, ఒక క్యాసెట్టు తెచ్చి ఇచ్చింది. వెనకాలే వీళ్ళని కువైట్ పంపిన ఏజెంటు నిలబడ్డాడు, కళ్ళజోడు పెట్టుకుని.

"ఎలాగుందే మా చిట్టెమ్మ?" అన్నాడు మీ నాన్న.

"బానే ఉంది… అన్నయ్యా" అంది నేల చూస్తా. "అందులో పాట మంచిదంట. చివరిదాకా వినమంది."

పెట్టి చూస్తే ఏముంది? అరబ్బీ పాట! మగగొంతు, ఎంతకీ అవ్వదు. చుట్టూ చేరినోళ్ళు ఒకటే నవ్వు. "బంగార్రాజూ, మీ ఆవిడ మనల్ని మర్చిపోయి అరబ్బీ పాటలు నేర్చుకుంటందిరోయ్!" అన్నారెవరో. వాడి మొహం నల్లబడిపోయింది. ఠక్కున ఆపేసేడు. మర్నాడు ఆ మలుపులో చెరువు కాపలా ఉండే బుల్లియ్య పాత క్యాసెట్లుంటే ఇమ్మంటే, మొదట అదే వాడి చేతిలో పెట్టేసేడు.

ఆ తర్వాత్నుంచే… ఆ మలుపులో మూలుగు మొదలైందన్నారు.

అది ముందే చెడ్డ చోటమ్మా. తుఫానులో ఎక్కడినుంచో ఒక ఆడమనిషి శవం కొట్టుకొచ్చి అక్కడ మురుగుకాలవ తూముకి అడ్డంపడింది. ఎవరో తెలీలేదు, ఎవరూ రాలేదు. మూలుగు విన్నోళ్ళు ముందు ఆవిడే అనుకున్నారు. తర్వాత్తర్వాత… "ఆవిడ కాదంట. పరాయి దేశంలో పోయి, ఇంటికి దారి వెతుక్కుంటా వచ్చిందంట" అని మొదలెట్టేరు. ఎవరి గురించో నేను వేరే చెప్పాలా?

ఒక సాయంత్రం వాడు నరసాపురంలో బయలుదేరేసరికి ఆలస్యమైంది. మూలుగుల మలుపు దగ్గరికొచ్చేసరికి కటిక చీకటి. డైనమో గిర్రుమంటంది, ముందు చక్రం దగ్గర కాస్త వెలుతురు. అంతే.

అప్పుడు వినపడింది.

మ్మ్… మ్మ్… అని. నోట్లో కొంగు కుక్కుకుని ఆడమనిషి ఏడ్చినట్టు. చెరువు వైపు నుంచి.

ఆగుదామనుకున్నాడంట. ఆగితే డైనమో లైటు ఆరిపోద్ది. ఆ చీకట్లో, దాని పక్కన, ఒక్కడూ నిలబడాలి… తొక్కేడు. మూలుగు కూడా వస్తంది. ఇంకా తొక్కేడు. "ఎవరది?" అన్నాడంట.

మొహానికేదో తగిలింది.

సన్నగా… చల్లగా… పొడుగ్గా. మెడకి చుట్టుకుంది. చేత్తో లాగితే ఇంకా వస్తంది, ఇంకా వస్తంది. జుట్టు! మీ అమ్మకి నడుం దాటిన జడ కదా.

ఇంక వెనక్కి చూడలేదు.

ఆ వేళ ఇక్కడ కరెంటు లేదు. ఒకటే ఉక్క. నేను బుడ్డిదీపం పట్టుకుని అరుగు మీద నిలబడ్డాను. దీపం మంట కదలకుండా నిటారుగా నిలబడిపోయింది, గాలన్నదే లేదు. సైకిలు అరుగుకి గుద్ది కింద పడ్డాడు. "అక్కా, తియ్యవే… తియ్యవే మెడమీంచి!" అంటన్నాడు.

దీపం దగ్గరగా పెట్టి చూసేను. వెంట్రుకలు కావమ్మా. గోధుమరంగులో మెరుస్తంది.

క్యాసెట్టు రీలు!

కొంగలు, నీటికాకులు చేపలెత్తుకుపోకుండా చెరువు చుట్టూ కర్రలు పాతి, ఒకదానికొకటి రీలు కట్టేడంట బుల్లియ్య. గాలికి అది మూలుగుతాది, పిట్ట బెదిరిపోద్ది. పిట్టల సంగతేమో గానీ, ఊరంతా బెదిరిపోయింది. పొద్దున్నే చెప్తే వాడు చెరువుగట్టు మీద దొర్లి నవ్వేడు. "ఏ గేదో రీలు లాగేసుంటాది, రోడ్డు మీద పడింది" అన్నాడు. "నువ్విచ్చిన అరబ్బీ పాటేరా బంగార్రాజూ!"

నేనూ నవ్వేను. లేసు అల్లే దగ్గర అమ్మణ్ణికి అదే నవ్వుతా చెప్పేను. దాని చేతిలో సూది కింద పడిపోయింది.

"ఆ క్యాసెట్టు చెరువుకి ఇచ్చేసేరా? పాట అయ్యేక వినలేదా?" అంది. నా చెవి దగ్గరికొచ్చి, "చివరిదాకా వినమన్నాను కదా అక్కా… ఏజెంటు ముందర అంతకన్నా ఏం చెప్పను? నేను మళ్ళీ వాడి చేతే వెళ్ళాలి."

ఆ మాట చెప్పేసరికి మీ నాన్న చెరువు దగ్గరికి పరుగెట్టేడు. కర్ర కర్రకీ విప్పి, పెన్సిలుతో తిప్పి తిప్పి రీలంతా క్యాసెట్టులోకి ఎక్కించేడు. మెడకి చుట్టుకున్న ముక్కని అంటించేడు. తలుపులు మూసి పెట్టేం. పాట గరగరలాడింది. తర్వాత బుస్సుమని శబ్దం… తర్వాత మీ అమ్మ, గుసగుసగా.

"మావా, పాట అయిపోయిందా? పక్కన ఎవరూ లేరుగా? ఏజెంటుకి చెప్పకు. నన్ను వేరే ఇంటికి మార్చేసేడు. పాస్‌పోర్టు లాక్కున్నారు. రాత్రుళ్ళు గదికి బయట తాళం వేస్తన్నారు. బానే ఉందని ఎవరు చెప్పినా నమ్మకు మావా…"

ఆ తర్వాత అంటించిన ముక్క. అందులోనే ఉంది, ఏ పేట, ఏ ఇల్లు, యజమాని పేరేంటి అన్నీ. మెడకి చుట్టుకున్న ముక్కలోనే.

లేసు కంపెనీలో జగన్నాథరావు గారని మంచాయన. ఆ క్యాసెట్టు విని కాగితాలు రాయించి ఢిల్లీ దాకా పంపేరు. ఎన్నాళ్ళకో… నరసాపురం స్టేషన్లో రైలు దిగింది మీ అమ్మ. ఎముకలగూడు. వాడే సైకిలు వెనక కూర్చోబెట్టుకుని గట్టు రోడ్డున తీసుకొచ్చేడు.

ఇక్కడితో అయిపోతే నీకు నవ్వుతా చెప్పేదాన్ని.

మీ అమ్మ వెళ్ళేనాటికి అక్కడ చెరువుల్లేవు, అన్నీ చేలే. ఆ మలుపు రాగానే వెనక నుంచి వాడి చొక్కా పట్టుకుందంట.

"ఈ చెరువు దగ్గరే కదా మావా… ఆ రోజు ఎంత పిలిచేను! లైటు ఆరిపోద్దని ఆగకుండా పోయేవు."

లైటు సంగతి వాడు నాకు తప్ప ఎవరికీ చెప్పలేదు. నేనెవరికీ చెప్పలేదు.

మలుపు దగ్గరికొచ్చినప్పుడల్లా నాకు ఆ బుడ్డిదీపమే గుర్తొస్తాది. రీలు గాలికి మూలుగుతాదన్నాడు బుల్లియ్య. సరే. రోడ్డు మీదికి గేదె లాగింది. సరే. మరి ఆ రోజు గాలేది?

ఇప్పుడక్కడ రీళ్ళు లేవులే. చెరువుల మీద వలలు కప్పేస్తన్నారు. నువ్వు పగటిపూట రా, హాయిగా తిరుగు. నేనీ మాటలు చెప్పడానికి కారణం వేరే ఉంది.

మొన్న దీపాలవేళకి మీ అమ్మ ఇంట్లో లేదు. వీధంతా వెతికేను. కాసేపటికి గట్టు రోడ్డు మీంచి నడిచొస్తంది, కాళ్ళ నిండా చెరువు బురద.

"ఎక్కడికెళ్ళేవే, నా ప్రాణం పోయింది" అన్నాను.

"మలుపు దాకా" అంది. మొహం ప్రశాంతంగా ఉందమ్మా… నాన్న పోయేక మొదటిసారి.

"అక్కడేముందే?"

"ఆయన ఆ రోజు ఆగలేదు వదినా" అంది మెల్లిగా. "ఆయన పిలిస్తే నేను ఆగేను."

తులసమ్మ దగ్గర నేను పెట్టిన దీపం వంక చూసేను.

మంట కదలకుండా నిటారుగా ఉంది.